ఒక నియోజకవర్గం, ఇద్దరు ఎంపీలు: రాయ్‌పూర్ నుంచి పార్వతీపురం దాకా

రాయ్‌పూర్ లోక్‌సభ స్థానంలో ఫలితం గురించి ఎవరూ పెద్దగా ఉత్కంఠ పడరు. 1996 నుంచి 2024 దాకా జరిగిన ఎనిమిది ఎన్నికల్లోనూ అక్కడ భారతీయ జనతా పార్టీయే గెలిచింది. రమేశ్ బైస్ ఒక్కరే ఆ స్థానం నుంచి మొత్తం ఏడుసార్లు లోక్‌సభకు వెళ్లారు. 2004లో మాజీ ముఖ్యమంత్రి శ్యామాచరణ్ శుక్లా, 2009లో తర్వాతి కాలపు ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఆయన చేతిలో ఓడినవారే. 2019లో సునీల్ సోనీ గెలిచారు. 2024లో బ్రిజ్‌మోహన్ అగ్రవాల్ ఆధిక్యం 5 లక్షల 75 వేలు దాటింది. ఒక ఓటు, ఒక సభ్యుడు, ఒకే పార్టీ అన్నట్టు సాగుతున్న ఈ స్థానం చరిత్ర మొదలైన తీరు మాత్రం వేరు. తొలి రెండు సార్వత్రిక ఎన్నికల్లో ఇక్కడి ఓటరు చేతిలో రెండు ఓట్లు ఉండేవి. ఢిల్లీకి ఇద్దరు సభ్యులు వెళ్లేవారు.

నియోజకవర్గాల పునర్విభజన, చట్టసభల్లో మహిళలకు మూడోవంతు స్థానాలు అన్న రెండు పెద్ద మార్పుల ముందు దేశం నిలబడి ఉంది. ఏ స్థానాన్ని ఎవరికి రిజర్వు చేయాలి, దాంతో మిగతావారు ఏం కోల్పోతారు అన్న ప్రశ్న మళ్లీ ముందుకు వస్తోంది. ఇదే ప్రశ్నకు తొలి గణతంత్ర ప్రభుత్వం ఇచ్చిన జవాబు ద్విసభ్య నియోజకవర్గం. పదేళ్లు తిరగకుండానే దాన్ని రద్దు చేశారు. ఎందుకు తెచ్చారో, ఎందుకు తీసేశారో తెలుసుకుంటే రాబోయే మార్పులను కొలిచే కొలబద్ద ఒకటి మన చేతికి వస్తుంది.

లెక్క ఎలా సాగేది?

1951-52 ఎన్నికల్లో లోక్‌సభకు 489 మందిని ఎన్నుకోవాలి. నియోజకవర్గాలు మాత్రం 401. వాటిలో 314 ఏకసభ్య స్థానాలు, 86 ద్విసభ్య స్థానాలు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర బెంగాల్ ఒక్కటే ముగ్గురు సభ్యుల స్థానం. అంటే 175 మంది, సభలో మూడోవంతుకు పైగా, బహుసభ్య స్థానాల నుంచి వచ్చినవారే. 1957లో ద్విసభ్య స్థానాలు 91కి పెరిగాయి. 494 మందిలో 182 మంది వాటి నుంచే గెలిచారు. కాబట్టి ఇదేదో మూలనపడ్డ మినహాయింపు కాదు. జవహర్‌లాల్ నెహ్రూ సైతం రెండుసార్లూ ద్విసభ్య స్థానం నుంచే నెగ్గారు. ఆయనతో పాటు రిజర్వుడు స్థానంలో గెలిచిన సభ్యుడు మసూరియా దీన్.

దీని వెనుక ఉన్న ఆలోచన సూటిగానే ఉంది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా దామాషాలో స్థానాలు ఇవ్వాలని రాజ్యాంగం చెప్పింది. కానీ దళితులు దేశంలో ఏ ఒక్క ప్రాంతంలోనూ గుట్టగా లేరు, దాదాపు ప్రతి ఊళ్లోనూ మైనారిటీగానే ఉన్నారు. ఒక నియోజకవర్గాన్ని పూర్తిగా వారికే కేటాయిస్తే మిగతా కులాలవారికి అక్కడ పోటీచేసే హక్కు పోతుంది. అందుకని రెండు నియోజకవర్గాలంత ప్రాంతాన్ని ఒకటిగా కలిపి, ఒక స్థానం రిజర్వుడు, ఒకటి జనరల్ అన్నారు. ఓటరు ఏ కులంవాడైనా రెండు ఓట్లు వేయవచ్చు. అప్పట్లో అభ్యర్థికో పెట్టె ఉండేది. రెండు బ్యాలెట్లనూ ఒకే పెట్టెలో వేస్తే అందులో ఒకటి చెల్లేది కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 54వ సెక్షన్ ప్రకారం లెక్కింపులో ముందు రిజర్వుడు స్థానం తేల్చేవారు. ఆ వర్గపు అభ్యర్థుల్లో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారికి అది దక్కేది. ఆ తర్వాత మిగిలిన అభ్యర్థులందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి రెండో స్థానం. ఈ చివరి వాక్యంలో ‘అందరిలో’ అన్న మాటే తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

గిరిజనులే ఎక్కువగా ఉన్నచోట ఈ ఏర్పాటు అవసరం రాలేదు. బస్తర్‌ను 1952లోనే ఏకసభ్య రిజర్వుడు స్థానంగా ఉంచారు. అక్కడ ముచాకీ కోసా అనే ఆదివాసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి కాంగ్రెస్‌ను ఓడించారు. ఆ ఫలితాన్ని పక్కనే ఉన్న రాయ్‌పూర్ మైదానంతో పోల్చి చూడాలి.

గురువు, రాజా, ముఖ్యమంత్రి కొడుకు

1952లో రాయ్‌పూర్ పేరుతో విడి స్థానం లేదు. బిలాస్‌పూర్-దుర్గ్-రాయ్‌పూర్ అని మూడు జిల్లాల పేర్లు కలిపిన ద్విసభ్య స్థానం ఉండేది. అప్పటి మధ్యప్రదేశ్‌కు రాజధాని నాగ్‌పూర్. ముఖ్యమంత్రి రాయ్‌పూర్‌కు చెందిన రవిశంకర్ శుక్లా. ఆ స్థానం నుంచి కాంగ్రెస్ తరఫున భూపేంద్రనాథ్ మిశ్రా, గురు అగమ్‌దాస్ గెలిచారు. అగమ్‌దాస్ సత్నామీల గురువు. గురు ఘాసీదాస్ బోధనతో కులవివక్షను ధిక్కరించి లేచిన సత్నామీ సమాజం ఛత్తీస్‌గఢ్ మైదానంలో దళిత జనాభాకు వెన్నెముక. రిజర్వుడు స్థానానికి కాంగ్రెస్ ఎంచుకున్నది ఆ సమాజంలో ఎదురులేని పలుకుబడి ఉన్న వ్యక్తిని.

అగమ్‌దాస్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉప ఎన్నికలో ఆయన భార్య మినీమాత గెలిచారు. అస్సాంలో పుట్టి, వివాహంతో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చిన ఆమె ఈ ప్రాంతం నుంచి లోక్‌సభలో అడుగుపెట్టిన తొలి మహిళ. 1972లో విమాన ప్రమాదంలో మరణించేదాకా ఆమె సభ్యురాలిగానే ఉన్నారు. హస్‌దేవ్ నదిపై కట్టిన బాంగో ఆనకట్టకు, రాయ్‌పూర్‌లో ఛత్తీస్‌గఢ్ పాత శాసనసభ భవనానికి ఆమె పేరు పెట్టుకున్నారు. రిజర్వుడు స్థానం లేకపోతే ఆనాటి రాజకీయంలో ఆమెకు ఆ తొలి మెట్టు దొరికేది కాదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

1957లో మూడు జిల్లాల స్థానాన్ని విడదీశారు. బలోదాబజార్ ద్విసభ్య స్థానమైంది. అక్కడ మినీమాతతో పాటు గెలిచిన జనరల్ సభ్యుడు విద్యాచరణ్ శుక్లా. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. తండ్రి రవిశంకర్ శుక్లా చనిపోయి కొద్ది వారాలే అయింది. తర్వాత అత్యవసర పరిస్థితి కాలంలో సమాచార ప్రసార మంత్రిగా దేశమంతటికీ పరిచయమైన ఆ నాయకుడు లోక్‌సభలోకి వచ్చిన దారి ఈ ద్విసభ్య స్థానమే. అదే ఎన్నికల్లో రాయ్‌పూర్ స్థానం నుంచి జనరల్ సభ్యుడిగా ఖైరాగఢ్ రాజా బీరేంద్ర బహదూర్ సింగ్, రిజర్వుడు స్థానంలో కేసర్ కుమారీ దేవి సభకు వెళ్లారు. ఖైరాగఢ్ సంగీత కళా విశ్వవిద్యాలయానికి తన రాజప్రాసాదాన్ని ఇచ్చిన రాజా ఈయనే. ఉత్తరాన సర్గుజా ప్రాంతంలోనూ ఇదే వరస: జనరల్ స్థానంలో సర్గుజా రాజవంశీకుడు చండికేశ్వర్ శరణ్ సింగ్ జూదేవ్, రిజర్వుడు స్థానంలో ఆదివాసి నేత బాబూనాథ్ సింగ్.

ఈ జాబితా చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ద్విసభ్య స్థానం అప్పటికే ఉన్న పెద్దరికాలను ఒకే జోడీగా కట్టింది. జనరల్ వైపు రాజా లేదా ముఖ్యమంత్రి కుటుంబం. రిజర్వుడు వైపు గురు పీఠం. ఓటరుకు రెండు ఓట్లున్నా అవి ఒకే పార్టీ జోడీకి పడ్డాయి. బస్తర్ ఏకసభ్య స్థానంలో ముచాకీ కోసా లాంటి స్వతంత్రుడికి దొరికిన సందు ఇక్కడ దొరకలేదు. మూడు జిల్లాలు తిరగాలంటే డబ్బు, జీపులు, ఊరూరా మనుషులు కావాలి. అవి పార్టీ దగ్గరో, సంస్థానం దగ్గరో మాత్రమే ఉండేవి.

తెలుగు నేల మీద మరో కథ

అదే చట్టం, అవే రెండు ఓట్లు తెలుగు జిల్లాల్లో వేరే ఫలితాలిచ్చాయి. 1952లో నల్లగొండలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున రావి నారాయణరెడ్డి, సుకం అచ్చాలు గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటం ముగిసి ఎన్నో రోజులు కాలేదు. రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు వచ్చినవి 2,33,571. ‘నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీ’ అని మన దగ్గర తరతరాలుగా చెప్పుకొనే ఘనత ఇది. అసలు పోలిక మెజారిటీలో కాదు, వచ్చిన ఓట్లలో. ఇద్దరివీ ద్విసభ్య స్థానాలే కాబట్టి ఆ పోలిక న్యాయమైనదే. ఏకసభ్య స్థానంలో నిలిచిన ఏ నాయకుడితోనైనా పోల్చితే మాత్రం లెక్క తప్పుతుంది. రెండింతల ఓటర్లు, తలకు రెండు ఓట్లు ఉన్నచోట అంకెలు పెద్దవిగానే వస్తాయి.

కరీంనగర్‌లో పీడీఎఫ్ నాయకుడు బద్దం ఎల్లారెడ్డితో పాటు షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. రెండు వేర్వేరు పార్టీల మనుషులను ఒకే నియోజకవర్గం పంపింది. విశాఖపట్నంలో ఇంకా వింత. జనరల్ స్థానంలో పండితుడు, పాత్రికేయుడు లంకా సుందరం. రిజర్వుడు స్థానంలో అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడిన గాం మల్లుదొర. బ్రిటిష్ ప్రభుత్వం వేటాడిన మన్యం వీరుడు స్వతంత్ర భారత పార్లమెంటు సభ్యుడయ్యారు. 1957లో చిత్తూరు ద్విసభ్య స్థానం నుంచి గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ లోక్‌సభకు స్పీకరు. కాకినాడ, నెల్లూరు, గొలుగొండ, నల్లగొండ, కరీంనగర్ అప్పుడూ ద్విసభ్య స్థానాలే.

పద్ధతి ఒక్కటే అయినా ఫలితం స్థానిక రాజకీయాన్ని బట్టి మారిందని ఈ రెండు ప్రాంతాలు చెబుతున్నాయి. ప్రజా ఉద్యమం వేడిగా ఉన్న నల్లగొండలో అది ఉద్యమానికి గొంతునిచ్చింది. ఒకే పార్టీ పట్టులో ఉన్న రాయ్‌పూర్‌లో ఆ పట్టును మరింత బిగించింది. ఎన్నికల పద్ధతిని మారిస్తే సమాజం దానంతటదే మారిపోతుందని నమ్మేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

అంబేడ్కర్ రెండు ఓటములు

ద్విసభ్య పద్ధతిలోని లోపం బాగా తెలిసింది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్‌కే. 1952లో బొంబాయి ఉత్తర ద్విసభ్య స్థానం రిజర్వుడు సీటుకు ఆయన పోటీచేశారు. కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్ చేతిలో 14 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. జనరల్ సీటుకు నిలబడ్డ సోషలిస్టు అశోక్ మెహతా కూడా ఓడారు. ఓటర్ల రెండో ఓటును కావాలని వృథా చేయించారని ఇద్దరూ ఎన్నికల పిటిషన్ వేశారు. రెండు ఓట్లున్నచోట రెండోది ఎవరికి వెళ్తుందన్నదే గెలుపోటములను తేల్చేది. దళితేతర ఓటర్లు తమ రెండో ఓటును పార్టీ చెప్పినవారికి వేస్తే, దళితుల్లో ఎక్కువమంది కోరుకున్న నాయకుడు రిజర్వుడు స్థానంలోనే ఓడిపోవచ్చు.

రెండేళ్ల తర్వాత 1954లో భండారా ఉప ఎన్నికలో అంబేడ్కర్ మళ్లీ నిలబడ్డారు. భండారా అప్పుడు రాయ్‌పూర్‌తో పాటే మధ్యప్రదేశ్‌లో ఉండేది. అదీ ద్విసభ్య స్థానమే. జనరల్ సీటులో అశోక్ మెహతా గెలిచారు, రిజర్వుడు సీటులో అంబేడ్కర్ ఓడారు. జోడీగా నిలిచినవారిలో ఒకరు నెగ్గి ఒకరు ఓడారంటే జనరల్ అభ్యర్థికి పడిన ఓట్లన్నీ ఆయన పక్కన నిలిచిన దళిత నాయకుడికి పడలేదన్నమాట. 1932 పూనా ఒప్పందంలో ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకున్నప్పుడు దళిత ఓటర్లే ముందుగా నలుగురు అభ్యర్థుల జాబితాను ఎన్నుకునే ఏర్పాటు ఉండేది. రాజ్యాంగం వచ్చాక అది లేదు. ద్విసభ్య స్థానం దళితుడికి సీటు ఇచ్చింది, ఆ సీటులో ఎవరు కూర్చోవాలో తేల్చే అధికారం మాత్రం మెజారిటీ చేతిలోనే ఉంచింది. ఏకసభ్య రిజర్వుడు స్థానాల్లో ఈ లోపం నేటికీ అలాగే ఉంది.

పార్వతీపురం తీర్పు

రాయ్‌పూర్ నుంచి విజయనగరం వచ్చే రైలు మార్గంలో పార్వతీపురం ఒక స్టేషను. ద్విసభ్య పద్ధతి భవితవ్యాన్ని తేల్చిన పోరు అక్కడే జరిగింది. 1957లో పార్వతీపురం ద్విసభ్య స్థానం, ఒకటి షెడ్యూల్డు తెగలకు రిజర్వుడు. జనరల్ సీటుకు కాంగ్రెస్ నిలిపింది వరాహగిరి వెంకటగిరిని. కార్మిక నాయకుడిగా, బ్యాంకు ఉద్యోగుల వివాదంపై వచ్చిన తీర్పు (అవార్డు) విషయంలో నెహ్రూ మంత్రివర్గం నుంచి తప్పుకున్న మాజీ మంత్రిగా ఆయనకు దేశమంతటా పేరుంది. ఓట్లు లెక్కించారు. బిడ్డిక సత్యనారాయణకు 1,26,792. డిప్పల సూరిదొరకు 1,24,604. గిరికి 1,24,039. వి. కృష్ణమూర్తినాయుడికి 1,18,968.

సత్యనారాయణ, సూరిదొర ఇద్దరూ షెడ్యూల్డు తెగలవారే. ఎక్కువ ఓట్లు వచ్చిన సత్యనారాయణకు రిజర్వుడు స్థానం దక్కింది. మిగిలిన ముగ్గురిలో సూరిదొరకు ఎక్కువ వచ్చాయి కాబట్టి జనరల్ స్థానం ఆయనది. తేడా 565 ఓట్లు. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు గిరిజనులు లోక్‌సభకు ఎన్నికయ్యారు, దేశప్రసిద్ధుడైన నాయకుడు ఓడిపోయారు.

గిరి న్యాయస్థానానికి వెళ్లారు. ఆయన వాదనలో ముఖ్యమైనవి రెండు. రిజర్వుడు స్థానానికి పోటీచేస్తున్నానని ప్రకటించిన వ్యక్తిని జనరల్ స్థానంలో గెలిచినట్టు ప్రకటించడం చెల్లదన్నది ఒకటి. సూరిదొర కుటుంబం ఎప్పటినుంచో తమను క్షత్రియులుగా చెప్పుకుంటోంది కనుక ఆయన అసలు షెడ్యూల్డు తెగకు చెందినవాడే కాదన్నది రెండోది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1959లో తీర్పు వచ్చింది. రిజర్వేషన్ అన్నది తగ్గకూడని కనీసం, మించకూడని గరిష్ఠం కాదన్నది కోర్టు చెప్పినదాని సారాంశం. రిజర్వుడు వర్గానికి చెందినంత మాత్రాన ఒక పౌరుడు జనరల్ స్థానానికి అనర్హుడు కాడు. తనను తాను క్షత్రియుడిగా చెప్పుకున్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిన తెగ మారిపోదు. సూరిదొర ఎన్నిక నిలిచింది.

గిరికి వ్యక్తిగతంగా పెద్ద నష్టం జరగలేదు. ఓడిన ఏడాదే ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ద్విసభ్య పద్ధతి మాత్రం ఆ తీర్పు తర్వాత రెండేళ్లు కూడా నిలవలేదు.

ఎందుకు రద్దు చేశారు?

1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేసింది. ఎన్నికల కమిషన్ ప్రతి ద్విసభ్య స్థానాన్ని రెండుగా విడగొట్టి, షెడ్యూల్డు కులాల లేదా తెగల జనాభా దామాషా ఎక్కువగా ఉన్న భాగాన్ని రిజర్వు చేసింది. 1962 ఎన్నికల్లో మొత్తం 494 స్థానాలూ ఏకసభ్యమే.

రద్దుకు చెప్పిన కారణాల్లో నిజం ఉంది. ఒక సభ్యుడికి అయిదు లక్షల నుంచి ఏడున్నర లక్షల జనాభా అని రాజ్యాంగం మొదట్లో చెప్పిన లెక్కన ద్విసభ్య స్థానమంటే పది, పదిహేను లక్షల జనం. రోడ్లు లేని ఆ రోజుల్లో బిలాస్‌పూర్ నుంచి దుర్గ్ దాకా ఒక అభ్యర్థి తిరగడం సాధ్యమయ్యే పని కాదు. ఖర్చు రెండింతలు. గెలిచినవారిలో ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది తేలేది కాదు. ఒక సభ్యుడు చనిపోతే ఒక్క సీటు కోసం మొత్తం ప్రాంతం మళ్లీ ఓటేయాలి. మినీమాత తొలి ఎన్నిక అలాంటిదే. ద్విసభ్య స్థానాలకు పుట్టినిల్లయిన బ్రిటన్ కూడా చివరి వాటిని 1950 ఎన్నికలతో వదిలేసింది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. విస్తీర్ణం, ఖర్చు, జవాబుదారీతనం 1952లోనూ సమస్యలే. అయినా 1957లో ద్విసభ్య స్థానాలను తగ్గించలేదు, 86 నుంచి 91కి పెంచారు. మధ్యలో మారిందల్లా పార్వతీపురం ఫలితం, దాన్ని సమర్థించిన సుప్రీంకోర్టు తీర్పు. అణగారిన వర్గాలు తమ వాటా తీసుకున్నంతసేపు ఎవరికీ ఇబ్బంది రాలేదు. వాటాకు మించి, పోటీపడి గెలిచే అవకాశం ఉందని తేలాకే జనరల్ స్థానాల్లో నిలబడే నాయకులకు ఈ పద్ధతి ప్రమాదకరంగా కనబడింది. దీన్ని రద్దుకు ఏకైక కారణమని ఎవరూ నిరూపించలేరు. కానీ కాలక్రమాన్ని పక్కన పెట్టి చదివితే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది.

ఎవరికి ఏం మిగిలింది?

1962 నుంచి దారులు వేరయ్యాయి. బలోదాబజార్‌లో మినీమాత ఒక్కరే సభ్యురాలు. విద్యాచరణ్ శుక్లా మహాసముంద్‌కు వెళ్లారు. ఖైరాగఢ్ రాజా కొత్తగా ఏర్పడ్డ రాజ్‌నంద్‌గావ్‌కు మారారు, 1967లో అక్కడ ఆయన భార్య పద్మావతీ దేవి గెలిచారు. ఉత్తరప్రదేశ్‌లోనూ అంతే: నెహ్రూ ఫూల్‌పూర్‌లో ఉండిపోయారు, మసూరియా దీన్ చాయల్ రిజర్వుడు స్థానానికి వెళ్లారు. పదేళ్లు ఒకే వేదిక మీద ఓట్లడిగిన జోడీలు విడిపోయాయి.

రాయ్‌పూర్ 1967లో లఖన్‌లాల్ గుప్తాను, 1971లో విద్యాచరణ్ శుక్లాను పంపింది. 1977లో అత్యవసర పరిస్థితి మీద కోపంతో శుక్లాను ఓడించి పురుషోత్తం కౌశిక్‌ను గెలిపించింది. 1980, 1984ల్లో గాంధేయవాది కేయూర్ భూషణ్. 1989లో రమేశ్ బైస్. 1991లో మళ్లీ శుక్లా. ఆ తర్వాతి కథ మొదట్లోనే చెప్పుకున్నాం. ఇన్ని మలుపుల్లోనూ అక్కడి సత్నామీలకు రిజర్వుడు స్థానం రాలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని 11 లోక్‌సభ స్థానాల్లో నేడు షెడ్యూల్డు కులాలకు ఉన్నది జాంజ్‌గిర్-చాంపా ఒక్కటే, తెగలకు సర్గుజా, రాయ్‌గఢ్, బస్తర్, కాంకేర్. 2008 పునర్విభజనకు ముందు ఎస్సీ స్థానాలు రెండుండేవి. రాయ్‌పూర్‌లో నివసించే సత్నామీ ఓటరు దశాబ్దాలుగా తన సమాజపు మనిషిని ఎన్నుకునే అవకాశం లేకుండానే ఓటేస్తున్నాడు. జాంజ్‌గిర్‌లోని దళితేతరుడికి తన ఊళ్లో పోటీచేసే హక్కు లేదు. ద్విసభ్య స్థానంలో ఈ రెండు అవకాశాలూ కలిసి ఉండేవి.

ఏకసభ్య పద్ధతి వల్ల లాభం లేదని కాదు. రిజర్వుడు స్థానపు సభ్యుడు ఇప్పుడు ఏ రాజా పక్కనో రెండో కుర్చీలో కూర్చోవడం లేదు, నియోజకవర్గమంతటికీ తానొక్కడే ప్రతినిధి. దళితేతర ఓటర్లు కూడా ఆయన గడప తొక్కాల్సిందే. ఇది చిన్న మార్పు కాదు. కానీ ప్రధాన పార్టీలు దళిత, గిరిజన అభ్యర్థులను జనరల్ స్థానాల్లో నిలపడం దాదాపు మానేశాయి. సూరిదొర గెలిచిన హక్కు చట్టంలో భద్రంగా ఉంది, టికెట్ల పంపకంలో మాత్రం కనబడదు. రిజర్వేషన్ గరిష్ఠం కాదని కోర్టు చెప్పింది, పార్టీలు ఆచరణలో దాన్ని గరిష్ఠం చేశాయి.

ఇప్పుడెందుకు ఈ చర్చ?

2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో మహిళలకు మూడోవంతు స్థానాలు కేటాయించింది. అమలును జనగణనతోనూ ఆ తర్వాతి పునర్విభజనతోనూ ముడిపెట్టింది. ప్రతి పునర్విభజన తర్వాత ఆ స్థానాలు మారతాయి. మహిళా బిల్లు ఏళ్ల తరబడి నలుగుతున్న కాలంలో, కొన్ని స్థానాలను ద్విసభ్యంగా మార్చి ఒక పురుషుడు, ఒక మహిళ గెలిచేలా చేద్దామన్న సూచన కూడా చర్చకు వచ్చింది. పురుష ఎంపీలెవరూ సీటు కోల్పోరు కాబట్టి ఆ సూచనకు ఆకర్షణ ఉంటుంది. మళ్లీ ఎవరైనా దాన్ని బయటికి తీసినా ఆశ్చర్యపడనక్కర్లేదు.

పరాయి దేశాల్లో ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. సింగపూర్ 1988 నుంచి బృంద నియోజకవర్గాలు నడుపుతోంది. ప్రతి బృందంలో ఒక మైనారిటీ జాతి అభ్యర్థి తప్పనిసరి, ఓటరు బృందం మొత్తానికి ఒకే ఓటు వేస్తాడు. మైనారిటీ సభ్యులు సభలో ఉంటారు, పాలక పార్టీ బలం కూడా చెక్కుచెదరదు. మన దేశంలోనే ముంబై మినహా మహారాష్ట్ర నగరపాలక సంస్థల్లో బహుసభ్య వార్డులున్నాయి. పెద్ద పార్టీల జాబితాలకే అక్కడ మేలు జరుగుతుందన్న విమర్శ ఎప్పుడూ వినబడేదే. రాయ్‌పూర్ 1957లో చూపింది కూడా అదే. జోడీలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చట్టం నిర్ణయించదు, డబ్బూ పలుకుబడీ నిర్ణయిస్తాయి. మహిళలను జోడీలో రెండో పేరుగా పంపే ద్విసభ్య స్థానం వారికి సీటు ఇస్తుంది, నియోజకవర్గం ఇవ్వదు. కాబట్టి ఆ పాత పద్ధతిని మహిళల పేరుతో తిరిగి తేవడం మంచిది కాదు.

అలాగని పాత పద్ధతి లేవనెత్తిన ప్రశ్నలను పాతిపెట్టడమూ సరికాదు. ఒక స్థానాన్ని రిజర్వు చేసేటప్పుడు, రిజర్వేషన్ తీసేసేటప్పుడు అక్కడి దళిత, గిరిజన ఓటర్లను పునర్విభజన సంఘం నేరుగా వినాలి. నిర్ణయానికి కారణాలను స్థానం వారీగా ప్రచురించాలి. దామాషా లెక్కను రాష్ట్రం మొత్తానికి సరిపెట్టి చేతులు దులుపుకుంటే రాయ్‌పూర్ సత్నామీల్లాంటి సమాజాలు లెక్కలో ఉంటాయి, ప్రాతినిధ్యంలో ఉండవు. పార్టీలు రిజర్వుడు స్థానాల బయట ఎంతమంది దళిత, గిరిజన, మహిళా అభ్యర్థులను నిలిపాయో ప్రతి ఎన్నికలోనూ ఓటర్లు లెక్క అడగాలి. ఎందుకంటే పార్వతీపురం ఓటర్లు 1957లో 565 ఓట్ల తేడాతో చెప్పిన మాట ఇంకా అమల్లోనే ఉంది: రిజర్వుడు స్థానం కొందరికి కేటాయించింది, జనరల్ స్థానం అందరిది. దాన్ని చట్టం మళ్లీ రాయనక్కర్లేదు. టికెట్లు ఇచ్చే పార్టీలూ, వాటిని నిలదీసే ఓటర్లూ గుర్తుపెట్టుకుంటే చాలు.